లోహపు పిచికారీయు మన పరిశ్రమలును

కొలిమి లేకుండ, టంకము లేకుండ, లోహమును కరగింపకయే ఒక లోహముపై మరియొక లోహమును పొరలు పొరలుగ పేర్చి వస్తువులను నిర్మింపవచ్చునని యేబదియేండ్ల క్రిందట నెవరైన చెప్పియుండినచో లోహశాస్త్రజ్ఞులే నవ్వియుందురు. నేడు ఆ పని రష్యాలోను, జర్మనీలోను, అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను జరుగుచున్నది. మన హైదరాబాదు పొలిమేరనున్న బాలాపూరులోను జరుగుచున్నది. కాని బాలాపూరులో జరుగుచున్నది ముఖ్యముగ పరిశోధన. ఆ దేశములలో అది పరిశ్రమగ పరిణమించినది. ఈ రెంటికిని నడుమనున్న యెడమును గూర్చి పాఠకులతో ముచ్చటింపవలెనని నేడు ఈ విషయమును చేపట్టితిమి.

ఆంగ్లమున దీనికి కోల్డ్ స్ప్రే యని పేరు. చల్లని పిచికారీ యనుట తెలుగున సులభము. చేనికి మందు చల్లు పిచికారీ నెరుగని రైతు లేడు గావున పేరు చెప్పినంతనే సగము సంగతి బోధపడును. తక్కిన సగము వేగమున నున్నది. రాగి, అల్యూమినియము, టైటానియము మొదలగు లోహములను 5 మొదలు 50 మైక్రాన్ల పరిమాణముగల చూర్ణముగ, అనగా తలవెండ్రుక మందముకంటెను సన్నని పొడిగ చేయుదురు. నత్రజనినిగాని హీలియమునుగాని అధిక పీడనమున బంధించి, పెద్ద యంత్రములలో వాతావరణ పీడనమునకు 50 రెట్లవరకు బిగించి, వేడిచేసి, నడుమ సన్నగిల్లి చివర విచ్చుకొను గొట్టమునుండి వదలుదురు. ఈ గొట్టపు రూపమును పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున స్వీడను దేశీయుడగు గుస్టాఫ్ డి లావల్ ఆవిరి టర్బైను కొరకు ప్రయోగించెను. వాయువు సన్నని మెడను దాటి విచ్చుకొనునప్పుడు చల్లబడును. కోల్పోయిన వేడిమి వేగముగ మారును. ఆ ప్రవాహమున చిక్కిన చూర్ణకణము సెకనుకు 300 మొదలు 1200 మీటర్ల వడితో పోయి యెదుటి లోహమును తాకును. గాలిలో ధ్వని సెకనుకు రమారమి 340 మీటర్లు మాత్రమే పోవునని జ్ఞప్తికి తెచ్చుకొనిన ఈ వడి యెట్టిదో తెలియగలదు.

చల్లని యను మాటను గూర్చి యొక హెచ్చరిక చేయవలసియున్నది. వాయువును 1000 డిగ్రీలవరకు వేడిచేయు యంత్రములు కలవు. దానియెదుట చేయి పెట్టువాడు చల్లదనమును చవిచూడడు. కణము మాత్రము తాను కరగు ఉష్ణతను చేరక, ఘనరూపమున నుండియే అతుకును గావున ఆ పేరు వచ్చినది. మన పట్టణములలో రాగిపాత్రలకు కళాయి వేయువాడు పాత్రను నిప్పుపై కాచి, తగరమును కరగించి, నవాసారముతో తుడుచును. వెల్డింగు పనివాడు ఇనుమునే కరగించును. ఈ క్రొత్త విద్యలో కరగుట యనునదే లేదు. కణము తాకినప్పుడు సెకనులో కోట్లవ వంతులలో లెక్కించదగిన కాలమున నలిగి బిళ్లవలె చదునగును. దానిపైనను, క్రింది లోహముపైనను ఉన్న చిలుమువంటి పలుచని ఆక్సైడు పొర పగిలి చెదరిపోవును. క్రొత్త లోహము క్రొత్త లోహమును ముట్టి పట్టుకొనును. ఏ లోహమునకు ఆ లోహముగ ఇంత వేగము కావలెనను హద్దు కలదు. హద్దుకు తక్కువైన వేగమున తాకిన కణము ఎగిరిపోవును. లేదా ఇసుకవలె ఎదుటి లోహమును అరగదీయును. హద్దు దాటినచో అంటుకొనును. రాగికి ఆ హద్దు సెకనుకు సుమారు 500 మీటర్లకు పైబడి యుండును. టైటానియమునకు ఇంకను అధికము.

ఆ పట్టు ఎందువలన కలుగుచున్నదను విషయమున పండితులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు. 2003లో హాంబర్గు నగరపు పరిశోధకులు ఒక వాదమును స్థాపించిరి: తాకిడివలన పుట్టిన వేడిమి బయటికి పోవుటకు వ్యవధి లేక, కణపుటంచున లోహము ఒక్కుమ్మడి మెత్తబడి జారుచున్నదనియు, పట్టునకు అదియే కారణమనియు వారి మతము. 2018లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు ఆ జారుపాటు అవసరము లేదనియు, తాకిడి పీడనము అంచునుండి చిమ్ముటయే చాలుననియు ప్రతివాదము చేసిరి. వాదము తెగకున్నను పని ఆగలేదు. కారణమును సంపూర్ణముగ తెలిసికొన్న పిమ్మటనే పని ప్రారంభింపవలెనను నియమము మన కళాయివానికి నెన్నడును లేదు. నేటి శాస్త్రజ్ఞులకును లేదు.

ఈ విద్య పుట్టిన విధము చిత్రమైనది. 1980 తరువాతి సంవత్సరములలో సైబీరియాలోని నోవోసిబిర్స్కు నగరమున, సైద్ధాంతిక, ప్రయోగ యంత్రశాస్త్ర సంస్థలో అనతోలీ పపీరిన్, అల్ఖిమోవ్, కొసరెవ్ మొదలగువారు గాలిసొరంగమున ప్రయోగములు చేయుచుండిరి. ధ్వనిని మించిన వేగముగల గాలిలో ధూళికణములున్న యెడల ఎదుటి వస్తువున కేమగునో చూచుట వారి యుద్దేశము. కణములు వస్తువును అరగదీయుననియే అందరును తలంచిరి. వేగము ఒక హద్దు దాటగానే అరుగుటకు మారుగ పూత ఏర్పడుచుండెను. అపశ్రుతిగ తోచినదానిని విసర్జింపక వారు దానినే పట్టుకొనిరి. 1994లో అమెరికాలో వారికి పేటెంటు లభించినది. సోవియట్టు రాజ్యము అప్పటికి విచ్ఛిన్నమైనది. పపీరిన్ అమెరికాకు వెడలెను. విద్యయు వెంట వెడలినది. రష్యాలోనే ఓబ్నిన్స్కు పట్టణమున మరియొక బృందము తక్కువ పీడనముతో, సామాన్యపు గాలితోనే పనిచేయు చిన్న పరికరమును నిర్మించి, మోటారు మరమ్మతు శాలలకు పనికివచ్చునట్లు చేసెను. ఈ చిన్న పరికరమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. మా వాదములో దానికి పెద్ద తావున్నది.

అమెరికావారు ఈ విద్యను మొదట ఎందుకు వాడిరి? క్రొత్త వస్తువులను చేయుటకు గాదు. పాత వస్తువులను నిలుపుకొనుటకు. వారి సైన్యమున బ్లాక్ హాక్ అను హెలికాప్టరున్నది. దాని గేరుపెట్టె మెగ్నీషియము మిశ్రలోహపు పోత. మెగ్నీషియము తేలిక, కాని తేమ తగిలిన త్వరగ చెడును. వెల్డింగు చేయబోయిన వేడిమికి వంకరపోవును. పోత మిక్కిలి ఖరీదైనది. క్రొత్తది వచ్చువరకు హెలికాప్టరు నేలనే యుండవలెను. అబర్డీనులోని సైన్య పరిశోధనశాలవారు చెడినచోట అల్యూమినియపు చూర్ణమును చల్లని పిచికారీతో నింపి, తరువాత చెక్కి కొలతకు తెచ్చు పద్ధతిని సాధించిరి. 2008లో సైన్యమునకు ఈ పనికై ఒక ప్రమాణపత్రము వెలువడినది. ఏ చూర్ణము వాడవలెను, ఏ పరీక్ష చేయవలెను, పనివాడు ఏమి వ్రాసియుంచవలెను అనునవి నియమములైనవి. యంత్రముకంటె ఆ పత్రమే ముఖ్యమని మా నమ్మిక. ప్రమాణము లేనినాడు ఏ ఇంజనీరును తన సంతకముతో అట్టి వస్తువును ఆకాశమున కెగురనీయడు.

ఆస్ట్రేలియావారి మార్గము వేరు. డార్విను పట్టణమున స్పీడ్-త్రీడీ యను కంపెనీ ఈ పిచికారీని మరచేతికి అమర్చి, వస్తువునే మొదటినుండి కట్టు యంత్రమును చేసినది. పోతపనికి మూస కావలెను. మూసకు వారములు పట్టును. ఇందు కంప్యూటరు గీసిన బొమ్మ యుండిన చాలును. 2020లో ఆస్ట్రేలియా సైన్యము ఆ యంత్రమును ఉత్తర ప్రాంతపు ఎండలో, దుమ్ములో, తేమలో పరీక్షించినది. సాయుధ శకటపు చక్రపు బేరింగుమూత యొకటి, రెండు కిలోల బరువుగలది, రమారమి అరగంటలో తయారైనది. లేజరుతో చూర్ణమును కరగించి పేర్చు యంత్రములు గంటకు కొన్నివందల గ్రాములకు మించి పేర్చుట కష్టము. ఈ పిచికారీ గంటకు కిలోలను పేర్చును. మెల్బోర్నులో టైటోమిక్ అను మరియొక సంస్థ టైటానియముతో పెద్ద వస్తువులను కట్టుటకు పూనుకొనెను. ఆ దేశపు ప్రభుత్వ విజ్ఞాన సంస్థ సాధించిన విద్య వారికి పెట్టుబడియైనది. ప్రభుత్వ పరిశోధన కంపెనీల చేతికెట్లు అందవలెనో దీనివలన మనము కొంత నేర్చుకొనవచ్చును.

2025 మే నెలలో మసాచుసెట్సు రాష్ట్రమందు గ్రేట్ బారింగ్టను అనుచోట తుప్పుపట్టిన ఒక పాత వంతెన దూలమునకు అక్కడికక్కడనే ఉక్కు చూర్ణమును పిచికారీచేసి మందము పెంచిరి. అమ్‌హర్స్టులోని విశ్వవిద్యాలయమువారును, పైని చెప్పిన సాంకేతిక విద్యాలయమువారును కలిసి చేసిన ప్రయోగమిది. ఆ వంతెన కొద్ది సంవత్సరములలో కూల్చబడవలసినది. కూల్చిన పిమ్మట ఆ దూలపు ముక్కలను తెచ్చి, పూత యెంతవరకు నిలిచినదో పరీక్షింతురట. తప్పు జరిగినను ప్రాణభయము లేనిచోట ప్రయోగించి, నిజము తెలిసికొను ఈ నేర్పు మెచ్చదగినది.

ఇంతవరకు గుణములను చెప్పితిమి. యంత్రములమ్మువారు దోషములను చెప్పరు గావున అవియును చెప్పుట మా విధి. పిచికారీనుండి వెలువడిన వస్తువు మొరటుగ నుండును; లేతుపై పెట్టి చెక్కనిదే కొలతకు రాదు. సన్నని నగిషీ, లోపలి సొరంగములు దీనివలన గావు. అవి లేజరు యంత్రములకే విడువవలెను. కణములు నలిగి గట్టిపడియుండుటచే వస్తువు పెళుసుగ నుండును. కొలిమిలో మరల కాచి పదును దించనిదే సాగుడు గుణము రాదు. కొలిమిని వాకిట త్రోలివేసితిమని సంతోషించువారు దానిని పెరటిదారిని పిలువవలసి వచ్చుచున్నది. రాగి, అల్యూమినియములు సుముఖముగ అంటుకొనును; గట్టి ఉక్కులు, నికెలు మిశ్రలోహములు మొండికెత్తును. అల్యూమినియపు పొడి గొట్టము లోపలనే అతుక్కొని దారి మూయుట కలదు. ఇవియన్నియు లెక్కవేయక, పత్రికలలోని బొమ్మలు చూచి యంత్రమును కొనిన మిల్లుదారుడు రెండవయేట దానిపై గుడ్డ కప్పియుంచును.

వాయువును గూర్చి యొక్కమాట. హీలియము తేలికయైనది గావున అందు కణములకు వచ్చు వేగము నత్రజనిలో రాదు. గట్టి లోహములకు హీలియమే మేలు. కాని మనదేశమున వాడు హీలియము దాదాపు సమస్తమును దిగుమతి సరకు. లోకమునకు దానిని సమకూర్చుదేశములలో అమెరికాయు, ఖతారును ముఖ్యమైనవి. 2017 జూనులో పొరుగురాజ్యములు ఖతారును వెలివేసినప్పుడు ఆ దేశపు హీలియము కర్మాగారములు కొంతకాలము మూతబడెను. హీలియముపై ఆధారపడు పరిశ్రమను కట్టుట యనగా పరాయివాని గుమ్మమున కాపురము పెట్టుట. నత్రజనియన్ననో గాలిలో నాలుగింట మూడుపాళ్లకు మించియున్నది. దానికి సుంకము లేదు, ఓడకూలి లేదు. గొట్టపు రూపమును, వేడిమిని, పీడనమును సరిదిద్ది నత్రజనితోనే అధిక వేగమును సాధించుటకు మన ఇంజనీర్లు బుద్ధినంతను వినియోగింపవలసియున్నది. వాడిన హీలియమును మరల పట్టి శుద్ధిచేయు ఉపాయమును అవసరమైనచోట అవలంబింపవలెను.

ఇక మన సంగతి. బాలాపూరులో చూర్ణ లోహశాస్త్రమునకును నవ్యపదార్థములకును అంకితమైన అంతర్జాతీయ పరిశోధన కేంద్రము, ఏఆర్‌సీఐ యని పిలువబడునది, 1997 మొదలుకొని కేంద్రప్రభుత్వపు విజ్ఞాన సాంకేతిక శాఖ క్రింద నడచుచున్నది. చల్లని పిచికారీపై ఆ కేంద్రమున చాలకాలమునుండి కృషి జరుగుచున్నది. రాగి, అల్యుమినాల మిశ్రమపు పూతలను గూర్చి అక్కడివారు వ్రాసిన పరిశోధన వ్యాసము 2007లోనే అంతర్జాతీయ పత్రికలో ప్రకటితమైనది. అనగా ఆస్ట్రేలియా సైన్యము ఎండలో యంత్రము నిలుపుటకు పదుమూడేండ్లకు ముందే మనవారు ఈ విద్యను చేపట్టి యోగ్యత సంపాదించిరి. కంచన్‌బాగులో రక్షణశాఖవారి లోహ పరిశోధనశాల కలదు. మిశ్రధాతు నిగమము 1973లో స్థాపింపబడి టైటానియపు మిశ్రలోహములను చేయుచున్నది. ఒక్క నగరమున ఇన్ని లోహవిద్యాలయములున్న దేశములు లోకమున ఎన్ని? కోనసముద్రపు ఉక్కు పారసీక దేశమున కత్తులైనదని పూర్వచరిత్ర చెప్పి ఉప్పొంగుట మనకు అలవాటైనది. ఆ కీర్తి ఎంత నిజమో, ఆ కొలుములు ఆరిపోయినదియు నంతే నిజము. విద్య కొందరి యిండ్లలో నిలిచి, బజారునకు విస్తరింపకపోయెనేని దానికట్టి గతియే పట్టును.

పేటెంటు అడ్డమని యెవరైన అందురేమో. 1994 నాటి ఆ మూలపు పేటెంటు గడువు తీరి దశాబ్దము దాటినది. మూలవిద్య నేడు ఎల్లరిసొత్తు. ఆపైని కంపెనీలు చేర్చిన మెరుగులకు హక్కులున్నవి. అవి లేకయే చేయదగిన పని చాల కలదు. మనలను ఆపుచున్నది పరుల శాసనము గాదు.

2022 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ఈ పొరల నిర్మాణవిద్య మొత్తమునకు ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించినది. మూడేండ్లలో ప్రపంచపు వ్యాపారమున 5 శాతము మనకు రావలెననియు, 50 దేశీయ పద్ధతులు, 100 క్రొత్త సంస్థలు, 500 క్రొత్త వస్తువులు వెలయవలెననియు అందు వ్రాయబడెను. అదే సంవత్సరము జూలైలో హైదరాబాదున ఈ విద్యకు జాతీయ కేంద్రమును తెరచిరి. ఉద్దేశము శ్లాఘ్యము. మూడేండ్ల గడువు 2025తో ముగిసినది. ఆ యేబదిలో ఎన్ని వచ్చినవి, ఆ నూరింటిలో ఎన్ని నిలిచినవి, ఆ అయిదువందలలో ఎన్ని బజారున అమ్ముడుపోవుచున్నవి, ఒక్కొక్క దానికి పేరు వ్రాసి ప్రజలయెదుట పెట్టవలెను. అంకెలతో వాగ్దానము చేసినవారిని అంకెలతో జవాబడుగుట అమర్యాద గాదు. ఆ లెక్కలో చల్లని పిచికారీకి వేరుగ ఒక పుటయుండవలెనని మేము కోరుచున్నాము. ఏలయన లేజరు యంత్రములపై మోజుగల మన ధనికులు దీనిని మరచిపోవుట కవకాశమున్నది.

యంత్రముకంటె చూర్ణము ముఖ్యము. సిరా లేని అచ్చుయంత్రమెట్టిదో చూర్ణము లేని పిచికారీ యట్టిది. యంత్రమును ఒక్కమారు కొందుము. చూర్ణమును నిత్యము కొందుము. కరగిన లోహపు ధారపై వాయువును విసరి, తుంపరలు గుండ్రని కణములుగ గడ్డకట్టునట్లు చేయుట చూర్ణము తయారుచేయు ఒక విధము. అందును కణములు ఒకే పరిమాణమునకు జల్లెడపట్టబడవలెను, తేమ తగులరాదు, ఆక్సిజను అధికముగ చేరరాదు. ఇచటనే వెల పెరుగును, లాభమును ఇచటనే.

టైటానియము మాట చెప్పిన మనస్సు నొచ్చును. శ్రీకాకుళము మొదలు భీమునిపట్టణము వరకు మన సముద్రతీరపు నల్లని ఇసుకలో ఇల్మనైటున్నది. అది టైటానియపు ఖనిజము. భారతదేశము చిరకాలము ఆ ఖనిజమును ఇసుకగనే ఓడల కెక్కించినది. ఇసుకనుండి స్పాంజి యను రూపమున లోహమును తీయు విద్యను హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల సాధింపగా, దానితో 2011లో కేరళమందలి చవరలో సంవత్సరమునకు 500 టన్నుల కర్మాగారము వెలసినది. విద్య హైదరాబాదుది, కర్మాగారము చవరది. కేరళపై మాకసూయ లేదు. వారి తీరమునను ఆ ఖనిజమున్నది, వారు పూనుకొనిరి. మన తీరమున ఇసుక త్రవ్వకమును గూర్చి వ్యాజ్యములు, వివాదములు వినుచుండుటయేగాని, ఆ ఇసుక చూర్ణముగ మారువరకు నడుమనున్న మెట్లలో ఒక్కటైన మన జిల్లాలలో నుండవలెనను మాట శాసనసభలలో బిగ్గరగ వినబడుట అరుదు. ఇసుకకు వచ్చు వెల వేరు, పిచికారీలో పోయు చూర్ణమునకు వచ్చు వెల వేరు. ఆ నడిమి వెల యెవరి ఖజానాకు చేరవలెనో శ్రీకాకుళపు పెద్దలు ఆలోచింతురుగాక. తీరపు గ్రామముల నీటికిని, జాలరుల బ్రతుకునకును హాని లేని త్రవ్వకమే త్రవ్వకమని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి పెద్ద లోహములమాట అటుంచి, నేడే చేయదగిన పని మరమ్మతు. బెజవాడ ఆటోనగరు 1966లో మొదలైనది. లారీలకును బస్సులకును పుట్టుకనుండి తుదివరకు సేవచేయు వేలాది పనివారచట నున్నారు. అరిగిన షాఫ్టునకు లోహము నింపి లేతు పట్టుట, పగిలిన ఇంజనుపెట్టెకు అతుకు వేయుట వారికి వెన్నతో బెట్టిన విద్య. కాని అల్యూమినియపు పోత పగిలిన వెల్డింగు వేడిమికి వంకరపోవుట వారికిని తెలిసిన కష్టమే. ఓబ్నిన్స్కు చిన్న పరికరము ఇట్టిచోటనే అక్కరకు వచ్చునది. అది గొప్ప బలము మోయవలసిన చోట్లకు చాలదు. బీటలు పూడ్చుటకు, కారుటను ఆపుటకు, బేరింగు కూర్చుండు గూటిని మరల కొలతకు తెచ్చుటకు చాలును. చక్కెర మిల్లుల పంపులు, వరి మిల్లుల యంత్రాంగము, బోరుబావుల మోటార్లు ఈ విధముగనే అరుగుచుండును. పల్లెలలో ఒక్క భాగము అరిగినందున మోటారునంతయు తుక్కుగ అమ్మివేయుట మనమెరిగినదే. ప్రతి పనివాడును పరికరము కొనలేడు. పదిమందికి ఉమ్మడిగ ఆటోనగరులోనే ఒక శాలను ప్రభుత్వము తెరచి, కూలి తీసికొని పని చేసియిచ్చుట తగిన మార్గము. డిటొనేషను స్ప్రే యను మరియొక పూతవిద్యను బాలాపూరువారు పలువురు దేశీయ పారిశ్రామికులకు నేర్పి అప్పగించియే యున్నారు. కావున దారి క్రొత్తది గాదు.

ఇందు ఒక్క విషయమున మిక్కిలి జాగ్రత్త కావలెను. అల్యూమినియము, టైటానియము మొదలగువాని సన్నని పొడి గాలిలో లేచినప్పుడు నిప్పురవ్వ తగిలిన ప్రేలును. పిచికారీ చప్పుడు చెవులకు చేటు. గాలి పీల్చి ధూళిని పట్టు ఏర్పాటును, చెవులకు కాపును లేని శాలకు అనుమతి నీయరాదు. మన చిన్న కర్మాగారములలో పనివాని ప్రాణము చౌకయను అపకీర్తి యున్నది. క్రొత్త విద్యతోబాటు దానిని మోసికొని పోనక్కరలేదు. చేతిపనివాని కూడు పోవునేమో యను శంక కొందరికి గలదు. ఈ పిచికారీ లేతు పనిని తగ్గింపక పెంచును. పూసినదానినెల్ల చెక్కవలసియే యున్నది. అయితే ఆ లేతువానికి చూర్ణము గుణమును, పూత మందమును కొలుచు విద్య నేర్పవలెను. పారిశ్రామిక శిక్షణ సంస్థల పాఠములలో దీనికి చోటెక్కడనో విద్యాశాఖవారు చూడవలెను.

భూస్వాములగు పాఠకులకు మోటార్లకంటె పెద్ద చింత నీటిది. 2021 ఆగస్టులో పులిచింతల ఆనకట్ట గేటొకటి కొట్టుకొనిపోయెను. 2024 ఆగస్టు 10వ తేది రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, కర్నూలు, అనంతపురము, బళ్లారి, రాయచూరు రైతుల గుండెలు జారెను. నిండు జలాశయమునుండి నీరు వృథాగ పోవుచుండ, పలకలు దింపి ఆపువరకు వారమురోజులు గడచెను. లోహపు పిచికారీ యుండినచో ఆ గొలుసు తెగకుండెడిదని మేము చెప్పము. అట్లు చెప్పుట బొంకు. ఉక్కుపై ఈ విద్య ఇంకను బాల్యదశలోనే యున్నది. బలము మోయు గొలుసునకు దీనిని నమ్ముకొనుట నేడు అవివేకము. కాని గేటు పలకల తుప్పు, చక్రముల అరుగుదల, దారిపట్టాల గుంటలు ఇట్టివాని విషయమున ఈ విద్య పనికివచ్చునా రాదా యను ప్రశ్నకు ఎవరో యొకరు ఋజువుతో జవాబు చెప్పవలెను. నదులు మనవి, ఆనకట్టలు మనవి, పరిశోధనశాల మన నగరముననే యున్నది. జవాబు మసాచుసెట్సునుండి రావలెనని ఎదురుచూచుట యేల?

తుంగభద్ర గేట్లు 33. అవి 1953 నాటి ఆనకట్టతో పుట్టినవి; ఆ ప్రమాదమునకు పిమ్మట వానినెల్ల మార్చవలెనని నిపుణులు సలహా నిచ్చిరి. ఏడు దశాబ్దములు నీటిలో నానిన ఇనుము ప్రయోగమునకు దొరకుట పరిశోధకునికి అదృష్టము. తొలగించిన పాత గేట్ల పలకలు తుక్కువర్తకుని లారీ ఎక్కకముందే, ఒకటి రెండింటిని కోసి బాలాపూరునకు పంపుటకు రెండు రాష్ట్రముల నీటిశాఖలకును తుంగభద్ర మండలికిని లారీకూలి తప్ప వేరు ఖర్చు లేదు. అచట వాని తుప్పును గీకి, సగము పలకకు ఉక్కు చూర్ణమును పిచికారీచేసి, సగము పలకను అట్లే విడిచి, రెంటిని రెండేండ్లు కాలువనీటిలో ముంచి తీసి తూచి, కోసి, వంచి, ఫలితము మంచిదైనను చెడుదైనను అచ్చువేసి ప్రకటింపవలెను.